ముందు మత్తడి, తర్వాతే మోటారు

నాలుగడుగుల ఫిష్ ట్యాంకు కింద సంపు పెట్టించుకోవాలనుకునేవారిలో చాలామంది మొదట కొనేది మోటారు. డబ్బా మీద గంటకు 3,000 లీటర్లు అని రాసి ఉంటుంది. మోటారుకు ఎంత బలం ఉంటే నీళ్లు అంత శుభ్రంగా ఉంటాయని నమ్మి తెచ్చేసుకుంటారు. పైనుంచి నీళ్లు దిగే పైపు సంగతి చివరికి గుర్తొస్తుంది. ఇంట్లో మిగిలిన ముక్కతోనో, చేతికి దొరికిన ముప్పావు అంగుళం పైపుతోనో దాన్ని సరిపెడతారు. ఇంట్లో నేల తడవడానికి కారణం చాలావరకు ఈ క్రమమే. దాన్ని తిరగేయమని చెప్పడానికే ఈ అధ్యాయం. నీళ్లు దిగే దారిని ముందు నిర్ణయించాలి. ఆ దారి మోయగలిగినంత మోటారునే తర్వాత ఎంచుకోవాలి.

ఏర్పాటు చూడటానికి తేలికే. పైన చేపలుండే అద్దాల ట్యాంకు, కింద స్టాండులో చిన్న సంపు. పై ట్యాంకులో నీళ్లు ఒక అంచు దాటి పైపులోకి పడి సంపులోకి దిగుతాయి. అక్కడ స్పాంజి, దూది, రాళ్ల గదుల్లోంచి వడబోతకు లోనై చివరి గదికి చేరతాయి. ఆ గదిలోని మోటారు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. కిందికి దింపేది భూమ్యాకర్షణ, పైకి పంపేది కరెంటు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే అసలు పని.

ఈ పొత్తును అర్థం చేసుకోవడానికి మంథని ప్రాంతపు పాఠకులు ఎక్కడికో పోనక్కర్లేదు. చుట్టుపక్కల ఏ ఊరి చెరువు కట్ట మీద నిలబడినా మత్తడి కనిపిస్తుంది. వాన తక్కువ పడితే నీళ్లు మత్తడి మీద పలుచని పొరగా జారతాయి, ఎక్కువ పడితే ఆ పొర మందమవుతుంది. ఏ మనిషీ వచ్చి తలుపు తిప్పనక్కర్లేదు. వచ్చిన నీళ్లెన్నో పోయే నీళ్లన్ని. అందుకోసం చెరువు నీటిమట్టం నాలుగు వేళ్లు పైకో కిందికో జరుగుతుంది, అంతే. అద్దాల ట్యాంకులో నీళ్లు దాటే అంచు చేసేదీ ఇదే పని.

మత్తడి మీదుగా ఎంత నీరు పోతుందో లెక్కగట్టే సూత్రాన్ని అమెరికాలోని లోవెల్‌లో 19వ శతాబ్దంలో పనిచేసిన ఇంజనీరు జేమ్స్ బి. ఫ్రాన్సిస్ ప్రయోగాలు చేసి నిగ్గుదేల్చాడు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ దాన్నే చదువుకుంటారు. అంచు పొడవును మీటర్లలో తీసుకుని, దాని మీద నీటి మందాన్ని ఒకటిన్నర ఘాతానికి పెంచి, రెండింటినీ 1.84తో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. ట్యాంకుకు వర్తింపజేస్తే ఈ లెక్క చాలా పనికొస్తుంది. 30 సెంటీమీటర్ల అంచు మీద నీటి పొర 1 సెంటీమీటరు ఉంటే గంటకు దాదాపు 2,000 లీటర్లు దాటుతాయి. పొర ఒకటిన్నర సెంటీమీటర్లైతే ఆ అంకె 3,600 దాటిపోతుంది. చేపలు పోకుండా అంచుకు దువ్వెన లాంటి పళ్లు పెడతారు కదా, అవి సగం చోటు తినేస్తే అదే 2,000 లీటర్లు దాటడానికి పొర 1.6 సెంటీమీటర్లకు పెరుగుతుంది. ట్యాంకు పైఅంచుకూ నీటికీ మధ్య ఎంత ఖాళీ వదలాలో ముందే తెలిస్తే ఎవరికైనా నిశ్చింత. కట్టే మనిషి దగ్గర ఈ లెక్క లేకపోతే, కట్టించుకునే మనిషి కాగితం మీద వేసి ఇవ్వడం మంచిది.

ఇక్కడే ఒక అపోహను గట్టిగా తీసేయాలి. మోటారుతో పైపును సరిపోల్చడమంటే రెండింటినీ సమానం చేయడం కాదు. గంటకు 1,500 లీటర్లు పంపే మోటారుకు సరిగ్గా 1,500 దింపే పైపు కావాలనుకుని కొందరు దిగే పైపుకు వాల్వు బిగించి, కొద్దికొద్దిగా తిప్పుతూ కూర్చుంటారు. పొద్దున కుదిరిన లెక్క సాయంత్రానికి తప్పుతుంది. స్పాంజి కాస్త మూసుకుంటుంది, ఓల్టేజీ మారుతుంది, పైపులో నాచు పడుతుంది. రెండు అంకెలు ఎన్నటికీ కలిసి నడవవు. దిగే దారి గరిష్ఠ సామర్థ్యం మోటారు పంపే గరిష్ఠ నీటికంటే ఎప్పుడూ ఎక్కువ ఉండాలి, కనీసం రెట్టింపు ఉంటే మేలు. మిగతాది మత్తడి చూసుకుంటుంది.

కిందికి ఒక మోటారు, పైకి ఒక మోటారు పెడితే పీడ వదులుతుందని అడిగేవాళ్లూ ఉంటారు. ఆ ఆలోచనను మొగ్గలోనే తుంచేయాలి. ఏ రెండు మోటార్లూ ఒకే తీరుగా తోడవు. కొన్ని గంటల్లో పైదో కిందిదో పొంగి తీరుతుంది.

మోటార్లను వరుసగా పెట్టినప్పుడు మధ్యలో ఏముండాలో మంథనికి దగ్గర్లోనే చూడొచ్చు. కాళేశ్వరం ఎత్తిపోతల్లో మేడిగడ్డ నీళ్లను కన్నెపల్లి పంప్‌హౌస్ అన్నారం బ్యారేజీకి ఎత్తిపోయాలి. అన్నారం నీళ్లను మంథని మండలం కాసిపేట పంప్‌హౌస్ సుందిళ్లకు, సుందిళ్ల నీళ్లను గోలివాడ పంప్‌హౌస్ ఎల్లంపల్లికి ఎత్తాలి. ఒక పంప్‌హౌస్ నీళ్లు నేరుగా ఇంకో పంప్‌హౌస్ నోట్లోకి పోవు. మధ్యలో 10.87 టీఎంసీల అన్నారం, 8.83 టీఎంసీల సుందిళ్ల ఉన్నాయి. కింద మోటార్లు ఎక్కువ తోడినా పైన తక్కువ తోడినా ఆ తేడాను ఆ నిల్వ మింగుతుంది. అంతకు మించితే వదిలేయడానికి అన్నారంలో 66, సుందిళ్లలో 74 గేట్లు పెట్టారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగాక ఆ బ్యారేజీల్లో నీళ్లు నిలపడం ఆగిపోయింది, అది వేరే చర్చ. మోటార్ల మధ్య నిల్వ, నిల్వకు మత్తడి అన్న కూర్పు మాత్రం చిన్న ట్యాంకుకైనా పెద్ద నదికైనా ఒక్కటే.

ఇక పైపు. రైతులకు అమ్మే పీవీసీ పైపు మీద 32 మిల్లీమీటర్లు అని ఉంటే అది బయటి కొలత, లోపల నీళ్లు పోయే దారి అంతకన్నా సన్నం. దుకాణంలో ఇది గుర్తుంచుకోవాలి. ముప్పావు అంగుళం దారితో పోలిస్తే అంగుళంన్నర దారి వ్యాసంలో రెట్టింపు, వైశాల్యంలో నాలుగు రెట్లు. పైపుకు అయ్యే ఖర్చులో తేడా వంద రూపాయలు కూడా ఉండకపోవచ్చు, భద్రతలో తేడా మాత్రం చాలా పెద్దది.

నీళ్లు పైపులో దిగడానికి రెండు పద్ధతులు. గాలీ నీరూ కలిసి గోడ వెంట జారడం ఒకటి, పైపు నిండా నీళ్లే నిలిచి సైఫన్‌గా లాగడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో అంగుళం పైపు చప్పుడు లేకుండా మోయగలిగేది గంటకు 1,000 నుంచి 1,200 లీటర్లే. అంతకు మించితే గడగడమని మోగుతుంది, రాత్రి పూట ఇంట్లో నిద్రపట్టదు. అదే పైపు రెండడుగులకు పైగా ఎత్తు నుంచి పూర్తిగా నిండి దిగితే గంటకు 3,000 లీటర్ల దాకా లాగగలదు, చప్పుడు కూడా ఉండదు. ఈ చప్పుడును తగ్గించడానికి అమెరికా అభిరుచిదారు రిచర్డ్ డర్సో పైపు తలను కిందికి వంచి, దాని మూతకు చిన్న గాలి రంధ్రం పెట్టాడు. ప్రపంచమంతా దాన్ని డర్సో పైపు అనే పిలుస్తోంది. ఆ తర్వాత వచ్చిన హెర్బీ పద్ధతిలో రెండు పైపులుంటాయి. ఒకటి నిండుగా దిగేది, దానికి గేట్ వాల్వు ఉంటుంది. రెండోది ఎప్పుడూ పొడిగా నిలబడే అత్యవసర పైపు. బీన్‌యానిమల్ పద్ధతిలో ఈ రెండింటికి మధ్యస్థంగా గాలీ నీరూ కలిసి దిగే మూడోది కూడా ఉంటుంది.

మంథని లాంటి ఊళ్లో ఇళ్లలో పెట్టుకునే నాలుగడుగుల ట్యాంకుకు హెర్బీ పద్ధతి చాలు. అడుగున రెండు రంధ్రాలు, రెండింటికీ అంగుళంన్నర పైపులు. ఇందులో తేల్చి చెప్పాల్సింది ఒకటే: అత్యవసర పైపుకు వాల్వు పెట్టకూడదు, ఆ ఒక్క పైపే మోటారు పంపే నీళ్లన్నీ మోయగలగాలి. మొదటి పైపులో నత్త ఇరుక్కున్నా, ఆకు అడ్డుపడినా, నీళ్లు కాస్త పైకి లేచి రెండో పైపులో దూకుతాయి. ఆ చప్పుడే ఇంటివాళ్లకు హెచ్చరిక. వాల్వుతో సర్దడం ఈ పద్ధతిలో పనికొస్తుంది, ఎందుకంటే సర్దుబాటు తప్పితే కాపాడే దారి ఇంకొకటి పక్కనే ఉంది.

రంధ్రాల సంగతిలో జాగ్రత్త ఒకటుంది. టఫెన్డ్ గ్లాసుకు రంధ్రం పెట్టబోతే మొత్తం పలకే ముక్కలవుతుంది. కొన్ని రెడీమేడ్ ట్యాంకుల అడుగు పలక ఈ రకమే, కాబట్టి కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. మామూలు అద్దానికైతే డైమండ్ హోల్‌సాతో, నీళ్లు పోస్తూ, మెల్లగా, ట్యాంకు కట్టకముందే రంధ్రాలు పెట్టించడం మంచిది. రంధ్రం వద్దనుకుని ట్యాంకు అంచుకు తగిలించే సైఫన్ డబ్బాలు దొరుకుతాయి. వంపు తిరిగిన గొట్టంలో గాలి చేరితే సైఫన్ తెగుతుంది. కరెంటు పోయి వచ్చాక మోటారు పైకి పంపుతూనే ఉంటుంది, కిందికి మాత్రం చుక్క దిగదు. తరచూ కరెంటు పోయి వచ్చే చోట ఆ డబ్బాను నమ్ముకోవద్దు.

దారి తేలాక మోటారు. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ట్యాంకులో 243 లీటర్లు పడతాయి. సంపు గుండా గంటకు నాలుగైదు సార్లు నీళ్లు తిరిగితే గోల్డ్‌ఫిష్‌లకూ ఆస్కార్‌లకూ సరిపోతుంది. అంటే గంటకు 1,000 నుంచి 1,200 లీటర్లు. పెద్ద మోటారు తెచ్చి పెట్టడం వల్ల వడబోత మెరుగుపడదు, నీళ్లు స్పాంజి గదుల్లోంచి నిలవకుండా పరుగెడతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది. 40 వాట్ల మోటారు రోజంతా తిరిగితే నెలకు 29 యూనిట్లు. ఆ లెక్కలో ప్రతి వాటూ పన్నెండు నెలలూ కట్టాల్సిందే.

డబ్బా మీది అంకె మోటారు ఏ ఎత్తుకూ నెట్టకుండా తోసే నీళ్లది. ఎత్తు పెరిగేకొద్దీ అది పడిపోతుంది, డబ్బా పక్కన రాసిన గరిష్ఠ ఎత్తు దగ్గర సున్నా అవుతుంది. దీనికి కాళేశ్వరాన్ని మించిన పాఠం ఈ ప్రాంతంలో దొరకదు. రోజుకు 2 టీఎంసీలు ఎత్తడానికి మొదట కన్నెపల్లిలో 11, అన్నారానికి 8, సుందిళ్లకు 9 మోటార్లు నిర్ణయించారు. అన్నీ 40 మెగావాట్లవే, ఎత్తాల్సిన నీళ్లూ ఒకటే, మరి లెక్కలో తేడా ఎందుకు? బ్యారేజీల నిండు మట్టాలు చూస్తే తెలుస్తుంది: మేడిగడ్డ 100 మీటర్లు, అన్నారం 119, సుందిళ్ల 130, ఎల్లంపల్లి 148. అన్నారం నుంచి సుందిళ్లకు మట్టాల తేడా 11 మీటర్లే, కాబట్టి ఒక్కో మోటారు ఎక్కువ నీరు నెట్టగలదు. కన్నెపల్లిలో తేడా అన్నింటికన్నా ఎక్కువ, కాబట్టి ఒక్కోదాని వాటా తగ్గింది. ఇంట్లో స్టాండు కింది సంపు నీటి మట్టం నుంచి పై ట్యాంకు అంచుకు సుమారు మీటరు ఉంటుంది. దానికి రెండు మూడు ఎల్బోలు, ఒక వాల్వు చేరతాయి. 3,000 లీటర్లు, రెండున్నర మీటర్లు అని రాసిన మోటారు ఆ ఎత్తున అంకెలో సగం దాకా ఇస్తే మంచిదే. కొనేటప్పుడు ఎత్తు-నీరు గీత ఉన్న కాగితం అడిగి తీసుకోవాలి. అదేదీ లేని మోటారు గురించి దుకాణదారు మాట ఒక్కటే ఆధారం, అది చాలదు.

కాగితం ఉన్నా లేకున్నా, చివరి మాట బకెట్‌దే. మోటారు పైపు చివరను పై ట్యాంకు అంచు ఎత్తులో పట్టుకుని 20 లీటర్ల బకెట్ నింపి గడియారం చూడాలి. 36 సెకన్లు పడితే గంటకు 2,000 లీటర్లు, 60 సెకన్లు పడితే 1,200. దిగే దారినీ ఇలాగే కొలవాలి: హోస్‌తో ధారగా పోస్తూ పోయి, ఏ వేగం దగ్గర నీళ్లు నిలవడం మొదలవుతుందో చూడాలి. రెండంకెల మధ్య ఖాళీ కనబడితే పని సగం అయినట్టే. మోటారు ఎక్కువైతే బయటికి పోయే పైపుకు వాల్వు పెట్టి తగ్గించొచ్చు. మోటారు నీళ్లు పీల్చే వైపు మాత్రం వాల్వు పెట్టకూడదు, అక్కడ అడ్డుపడితే మోటారు వేడెక్కి పాడవుతుంది.

ఇంతదాకా వచ్చినవాళ్లు కూడా నేలను తడుపుకునే ఘడియలు రెండు. అవి వేర్వేరు, లెక్కలూ వేర్వేరు.

మొదటిది కరెంటు పోయినప్పుడు. మోటారు ఆగగానే పై ట్యాంకులోని నీళ్లు మోటారు పైపులోంచి వెనక్కి సైఫన్‌గా దిగుతాయి. ఆ పైపు చివర నీటి మట్టానికి 5 సెంటీమీటర్ల కింద మునిగి ఉంటే, 120కి 45 ట్యాంకులో సెంటీమీటరుకు 5.4 లీటర్ల లెక్కన 27 లీటర్లు సంపులోకి వస్తాయి. సంపు 75కు 35 సెంటీమీటర్లైతే ఆ నీళ్లు దాని మట్టాన్ని 10 సెంటీమీటర్లకు పైగా పెంచుతాయి. పైపుల్లో మిగిలింది అదనం. అందుకే నడుస్తున్న సంపులో కనీసం 15 సెంటీమీటర్లు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మోటారు పైపు చివరను నీటి పైభాగానికి దగ్గరగా ఉంచి, మట్టానికి కాస్త దిగువన 6 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం పెడితే నీరు తగ్గగానే అందులోంచి గాలి దూరి సైఫన్ తెగుతుంది. నాన్-రిటర్న్ వాల్వును ఒక్కదాన్నే నమ్ముకోవడం తప్పు, దాని రబ్బరుకు నాచు పట్టిన రోజున అది మూసుకోదు.

రెండోది దిగే దారి పూర్తిగా మూసుకుపోయినప్పుడు. మోటారు సంపులోని చివరి గదిని ఖాళీ చేసేదాకా పైకి పంపుతుంది. ఆ గది 25కు 35 సెంటీమీటర్లు, అందులో నీళ్లు 20 సెంటీమీటర్లు ఉంటే మొత్తం 17.5 లీటర్లు. అవి పై ట్యాంకును 3.2 సెంటీమీటర్లు నింపుతాయి. పై అంచుకు అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉంటే ఒక్క చుక్క కింద పడదు, మోటారు మాత్రం ఎండిపోతుంది. ఎండినప్పుడు తనంతట ఆగే మోటార్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఈ లెక్క వేయని ఇళ్లలో చివరి గది అనవసరంగా పెద్దదిగా ఉంటుంది. గది చిన్నదైతే ఆవిరైన నీళ్లను ఎండాకాలంలో తరచూ పోయాలి, నిజమే. నేల మీద నీళ్లు తుడవడంతో పోలిస్తే అది చాలా చిన్న పని.

ఈ రెండింటినీ కాగితంతో వదిలేయకుండా చేసి చూడాలి. చేపలు వేయకముందు, పట్టపగలు, స్విచ్ ఆపాలి. సంపులో నీళ్లు ఎక్కడ ఆగాయో మార్కర్‌తో గీత గీయాలి. మళ్లీ స్విచ్ వేసి సైఫన్ తనంతట తాను పట్టుకుంటుందో లేదో చూడాలి. ఆ తర్వాత దిగే పైపు నోటికి గుడ్డ అడ్డం పెట్టి అత్యవసర పైపు పని చేస్తుందో చూడాలి. ఆఖరున రెండూ మూసి, మోటారు గది ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఈ పరీక్షలకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అద్దం కట్టిన మనిషి ముందే చేయించడం ఇంకా మంచిది.

దిగే పైపు కింది చివర ఎక్కడుండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ దాని బరువు 2022 జులైలో మంథని వాళ్లకు బాగా తెలిసింది. గోదావరి ఉప్పొంగినప్పుడు దాని మట్టం బొక్కలవాగు కన్నా పైకి లేచింది. వాగు నీళ్లు నదిలో కలవడానికి దారి లేక పట్టణం కాలనీల్లోకి వెనక్కి తన్నాయి. అదే నెలలో కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌస్‌లు కూడా వరదలో మునిగాయి. పోయే దారి వెడల్పుగా ఉండటం ఒక్కటే చాలదు, దాని చివర నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయన్నదీ ముఖ్యమే. సంపులో దిగే పైపు నోరు లోతుగా మునిగితే లోపలి గాలికి బయటపడే దారి దొరకదు. సైఫన్ మొదలు కాదు, నీళ్లు మత్తడి దగ్గర లేస్తాయి. చివర నీటిలో 2 సెంటీమీటర్లకు మించి మునగకూడదు. అత్యవసర పైపు చివరైతే నీటికి పైనే ఉంచాలి, పడిన నీటి చప్పుడు ఇంట్లో వినబడేలా.

చేపల ఎంపికకూ దారికీ సంబంధం ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీను గాలి పీల్చగలదు, మోటారు ఆగినా గంటల తరబడి బతుకుతుంది. కానీ అది ఎగురుతుంది. అంచు దాటిన నీళ్లు పడే మత్తడి పెట్టెకు మూత లేకపోతే అందులోకి దూకి పైపును మూసేస్తుంది. గోల్డ్‌ఫిష్‌కు గాలి పీల్చే శక్తి లేదు, నీళ్లు తిరగడం ఆగితే వేసవిలో త్వరగా ఊపిరాడక తల్లడిల్లుతుంది. దాన్ని పెంచేవాళ్లు ఇన్వర్టర్ మీద కనీసం గాలి మోటారైనా ఉంచుకోవాలి.

నడకలో పడ్డాక చూడాల్సింది తక్కువే. దువ్వెన పళ్లను వారానికోసారి బ్రష్‌తో తుడవాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో మోటారు రెక్కల మీద తెల్లని సున్నపు పొర పడుతుంది. ఆ పొరను సిరకాలో నానబెట్టి తీసేయొచ్చు. వేసవికి ముందు బకెట్ పరీక్ష మళ్లీ చేయాలి. మొదట్లో 60 సెకన్లలో నిండిన బకెట్ 80 సెకన్లు తీసుకుంటుంటే మోటారు విప్పి కడగాలి. నీరు తగ్గిన కొద్దీ చప్పుడు మారుతుంది, అప్పుడే వాల్వు తిప్పకుండా, కడిగిన తర్వాతే సర్దాలి. సర్దిన చోట గుర్తు పెట్టి, దాని పక్కన, పైపు మీదే, తేదీ రాసి పెట్టుకోవాలి.